సారాంశం దాటి విశ్లేషణ రాయించడం ఎట్లా? లింకన్, డగ్లస్, ఫ్రాస్ట్ (9, 10 తరగతులు)

నయీంనగర్ టీచర్:

అందరికీ నమస్తే. హనుమకొండలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్తున్నాను. ఈ ఏడాది 9, 10 తరగతుల్లో ఆసక్తి ఉన్న ముప్పై మందికి వారానికి రెండు పీరియడ్లు అదనంగా దొరికాయి. పీరియడ్ 45 నిమిషాలు. టెక్స్ట్‌బుక్కులో లేనివి చదివిద్దామని మూడు ఎంచుకున్నాను: ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చేసిన గెటిస్‌బర్గ్ ప్రసంగం (1863), అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగు పండుగ గురించి ఫ్రెడరిక్ డగ్లస్ చేసిన ప్రసంగం (1852), రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ది రోడ్ నాట్ టేకెన్’.

చదవడానికి పిల్లలు భయపడటం లేదు. రాయమంటేనే చిక్కొస్తోంది. లింకన్ మీద బాగా చదివే పాప రాసిన జవాబు తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: “లింకన్ గొప్ప ప్రెసిడెంట్. ఈ స్పీచ్‌లో రిపిటీషన్ వాడాడు. దానివల్ల స్పీచ్ చాలా అందంగా, పవర్‌ఫుల్‌గా ఉంది.” మిగతావాళ్లు కథ మళ్లీ చెప్పేస్తున్నారు, లేదంటే రచయిత జీవిత చరిత్ర రాస్తున్నారు. గైడ్లలో జవాబులు చదివి చదివి అదే విశ్లేషణ అనుకుంటున్నారు.

నావి మూడు ప్రశ్నలు. ఒకటి, సారాంశం నుంచి విశ్లేషణకు ఏ పనులు చేయిస్తే వస్తారు? రెండు, చదవకముందు చరిత్ర ఎంత చెప్పాలి? మొత్తం చెప్తే పీరియడ్ అయిపోతోంది, చెప్పకపోతే ఏమీ అర్థం కావడం లేదు. మూడు, ఒకే ప్రసంగం ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కోలా ఉంది. ఏది ఇవ్వాలి?

పద్మాక్షి గుట్ట:

మేడం, ఆ పాప రాసిన మూడు వాక్యాలనూ నెహ్రూ గారి ప్రసంగానికి అతికించినా సరిపోతాయి, మార్టిన్ లూథర్ కింగ్‌కు అతికించినా సరిపోతాయి. ఏ ప్రసంగానికైనా అతికే వాక్యం ఈ ప్రసంగం గురించి ఏమీ చెప్పనట్టే. పిల్లలకు ఇదే పరీక్ష పెట్టండి: నీ వాక్యంలో లింకన్ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టు, అప్పటికీ చెల్లుతోందా? చెల్లితే కొట్టేసి మళ్లీ రాయి. రెండుసార్లు చేయిస్తే చాలు, పక్కవాడి నోట్సు వాళ్లే దిద్దుతారు.

ముందు కాగితం సంగతి. ఈ ప్రసంగానికి లింకన్ చేతిరాత ప్రతులు ఐదు ఉన్నాయి, ఐదింటి మధ్యా చిన్న చిన్న తేడాలున్నాయి. తొలి రెండు ప్రతుల్లో ‘అండర్ గాడ్’ అన్న మాటలే లేవు. మీరు చూసిన తేడాల్లో కొన్ని అక్కడి నుంచే వచ్చి ఉంటాయి. మామూలుగా అచ్చయ్యేది బ్లిస్ అన్న ఆయన పేరుతో పిలిచే ప్రతి. లింకన్ సంతకం ఉన్నది దాని మీదొక్కటే, వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్ గోడ మీద చెక్కిందీ అదే. మొత్తం 272 మాటలు, పది వాక్యాలు. అందరికీ అదే ఇవ్వండి. ఒక్క ఏ4 కాగితం, వరుసల మధ్య రెట్టింపు జాగా, ఐదు వరుసలకొకసారి అంచులో అంకె. వరుసలకు అంకెలు లేని జిరాక్సు ఇస్తే “ఎక్కడుంది?” “పైన మేడం” “ఏ పైన?” అనుకుంటూనే పావుగంట పోతుంది.

మొదటి పీరియడ్‌లో మీరొకసారి గట్టిగా చదవండి, ఏమీ వివరించొద్దు. రెండోసారి పిల్లలు వాక్యానికొకరు చొప్పున చదవాలి. బోర్డు మీద రాసే కొత్త మాటలు ఆరేడు దాటొద్దు. స్కోర్, ప్రపోజిషన్, కాన్సక్రేట్, హాలో, డిట్రాక్ట్, పెరిష్ చాలు. స్కోర్ అంటే ఇరవై అని ముందే చెప్పేయండి, లేకపోతే క్రికెట్ వైపు వెళ్తారు. ‘ఫోర్ స్కోర్ అండ్ సెవెన్’ అంటే నాలుగిరవైల ఏడు, 87. ఆ రోజుల్లో జనం చర్చిలో వినే ఇంగ్లిష్ బైబిల్‌లో మనిషి ఆయుష్షును ‘త్రీస్కోర్ ఇయర్స్ అండ్ టెన్’ అని చెప్తారు. ఎయిటీ సెవెన్ అనకుండా ఇట్లా అనగానే వినేవాళ్ల చెవికి ప్రార్థన మందిరం గుర్తొస్తుంది.

ఇప్పుడు తీసివేత చేయించండి. 1863 లోంచి 87 తీస్తే 1776. ఇక్కడ తొందరపడకండి, పాఠానికి గుండెకాయ ఇదే. అమెరికా రాజ్యాంగం రాసింది 1787లో. లింకన్ దేశం పుట్టుకను రాజ్యాంగం నుంచి లెక్కపెట్టలేదు, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన నుంచి లెక్కపెట్టాడు. ఎందుకై ఉంటుందని అడగండి. మనుషులంతా సమానంగా పుట్టారన్న వాక్యం ప్రకటనలో ఉంది. అసలు రాజ్యాంగంలో ఆ వాక్యం లేకపోగా, సీట్ల లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా కట్టే ఏర్పాటు ఉంది. మొదటి ఆరు మాటల్లోనే లింకన్ తను ఎటువైపో చెప్పేశాడని పిల్లలు ఆ తీసివేతతో కనిపెడతారు. మీరు చెప్పి రాయించొద్దు. ఒక నిమిషం క్లాసు నిశ్శబ్దంగా ఉన్నా ఆగండి.

రెండో పీరియడ్‌కు రంగు పెన్సిళ్లు కావాలి. ‘డెడికేట్’, ‘డెడికేటెడ్’ ఎక్కడున్నా చుట్టూ గీయమనండి. ఆరు చోట్ల వస్తుంది. ఐదే దొరికినవాళ్లు చివరి వాక్యం సరిగా చదవలేదన్నమాట. తర్వాత ప్రతి గీత పక్కన ‘ఎవరు’, ‘దేనికి’ అని రాయాలి. మొదటి రెండుసార్లు అంకితమైంది దేశం, ఒక సిద్ధాంతానికి. మూడోసారి ఆ రణభూమిలో కొంత నేలను శ్మశానంగా అంకితం చేయడానికి వచ్చామంటాడు. నాలుగోసారి ఆ పని మన వల్ల కాదంటాడు. ఐదు, ఆరుసార్లు బతికున్న మనమే మిగిలిపోయిన పనికి అంకితం కావాలంటాడు. 1863 నవంబర్ 19న జనం వచ్చింది సైనికుల శ్మశానాన్ని అంకితం చేయడానికి. పని పూర్తి చేసుకుని ఇంటికి పోదామనుకున్నవాళ్ల నెత్తిన లింకన్ కొత్త పని పెట్టాడు, అదీ వాళ్లు ఏ మాట కోసం వచ్చారో ఆ మాటతోనే. రిపిటీషన్ చేసిన పని ఇది. ‘అందం’ అని రాస్తే ఇదంతా మాయమైపోతుంది.

‘హియర్’ ఎనిమిదిసార్లు వస్తుంది. అది ఇంటికి ఇవ్వండి.

ఇంకొకటి తప్పకుండా చేయించాల్సింది, లేని మాటల జాబితా. ప్రసంగంలో గెటిస్‌బర్గ్ అన్న మాట లేదు. బానిసత్వం అన్న మాట లేదు. ఉత్తరం, దక్షిణం, శత్రువు ఏవీ లేవు. ఒక్క మనిషి పేరు కూడా లేదు. యుద్ధం ఇంకా నడుస్తుండగా మాట్లాడుతున్న అధ్యక్షుడు శత్రువు పేరెత్తకపోవడం వల్ల ఏం జరుగుతోంది? పదో తరగతి పిల్లలు దీనికి బాగా జవాబులు చెప్తారు. రెండు మూడు వేర్వేరు జవాబులొస్తే అన్నీ ఉంచండి, కానీ ప్రతిదానికీ వరుస అంకె చూపించాలి.

రాయించేటప్పుడు నాలుగు వాక్యాలు అడగండి. నువ్వు గమనించింది ఏమిటి, ఏ వరుసలో ఏ మాట, అక్కడ ఆ మాట ఏం పని చేస్తోంది, దాని బదులు ఇంకో మాట పెడితే ఏం పోతుంది. మీ పాప జవాబు ఇట్లా మారుతుంది: “డెడికేట్ అన్న మాటను లింకన్ మొదట దేశానికి, తర్వాత నేలకు, చివరికి బతికున్నవాళ్లకు వాడాడు. నేలను అంకితం చేయలేం అని చెప్పిన కొద్ది వరుసల్లోనే మనం అంకితం కావాలి అంటాడు. దాంతో కార్యక్రమం చూడటానికి వచ్చినవాళ్లు బాధ్యత ఉన్నవాళ్లయిపోతారు. శ్మశానాన్ని ఓపెన్ చేయడానికి వచ్చాం అని ఉంటే చివర్లో ఈ మలుపు కుదరదు, ఎందుకంటే మనుషుల్ని ఓపెన్ చేయలేం.” చివరి వాక్యం రాయడమే అన్నిటికన్నా కష్టం, ఎక్కువ నేర్పేదీ అదే.

బెడిసికొట్టేది ఎక్కడంటే, ఈ నాలుగు వాక్యాలూ అచ్చు పోసినట్టు తయారవుతాయి. నెల రోజుల్లో ప్రతి జవాబూ ‘దిస్ వర్డ్ షోస్ దట్’ అని మొదలవుతుంది. అప్పుడు ఆ చట్రం తీసేసి, “ఏ మాట దగ్గర నీ ఆలోచన మారింది, అక్కడి నుంచి మొదలుపెట్టు” అనండి. అలంకారాల పేర్లు కూడా జాగ్రత్త. అనాఫొరా (వాక్యాల మొదట్లో ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం) అని రాసినందుకు మార్కు ఇవ్వకండి, అది ఏం చేస్తోందో రాసినందుకు ఇవ్వండి. పది మార్కుల్లో నాలుగు ఆధారానికి, నాలుగు వివరణకు, రెండు ఇంగ్లిష్‌కు పెట్టుకుంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌కు అంతకన్నా ఎక్కువ పెడితే పిల్లలు తప్పు పోని చిన్న వాక్యాల్లోకి ముడుచుకుపోతారు, ఆలోచన కూడా చిన్నదైపోతుంది. మాట్లాడుకోవడం తెలుగులో సాగనివ్వండి. తెలుగులో ఆలోచన కుదిరాకే ఇంగ్లిష్‌లో రాయించండి.

జనగామ సోషల్ సార్:

రెండో ప్రశ్నకు నేను చెప్త మేడం. చరిత్ర పది నిమిషాలకు మించి చెప్పొద్దు. ఎవరు మాట్లాడుతున్నరు, ఎవరితోటి, ఏ రోజు, ఎక్కడ, ఆ రోజుకు జనం మనసుల ఏమున్నది. ఈ ఐదు బోర్డు మీద రాయాలె. మిగిలిన చరిత్ర చదువుతుంటే పిల్లలే అడుగుతరు, అడిగినప్పుడు చెప్పాలె. ముందే అంతా చెప్పేస్తే వాళ్లు ఇగ ప్రసంగం చదవరు, మీ నోట్సే మళ్ల రాస్తరు.

ఈ అలవాటు మన శాసనం తోటి మొదలుపెడితే తొందరగా వస్తది. గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం పిల్లలు సోషల్‌ల విన్నదే. ఎవరు వేయించిండు? కాకతీయ రాజు. ఎవరి కోసం? సముద్రం మీద వచ్చే వర్తకుల కోసం. వాళ్ల భయమేంది? తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా గుంజుకునేటోళ్లు. ఏం మాటిచ్చిండు? నిర్ణయించిన సుంకం తప్ప ఏం తీసుకోమని. రాజు దయగల్లోడని రాసుకునుడు సారాంశం. వర్తకులు రాకపోతే రాజుకు సుంకం రాదు గదా, గందుకే ఈ మాట రాతిమీద అందరికి కనపడేటట్టు చెక్కించిండు అనుడు విశ్లేషణ. ఒక్క పీరియడ్ దీనికి ఇవ్వండి. ఆ తర్వాత డగ్లస్ దగ్గరికి పోతే పిల్లలే “ఎవరితోటి మాట్లాడుతున్నడు సార్?” అని అడుగుతరు.

డగ్లస్ విషయంల ఆ ఐదు ఏంటియో చెప్త. ఆయన మేరీలాండ్‌ల బానిసగా పుట్టిండు, 1838ల తప్పించుకున్నడు. మాట్లాడింది 1852 జులై 5న, న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌ల. పిలిచింది అక్కడి మహిళల బానిసత్వ వ్యతిరేక సంఘం. అంటే కూసున్నోళ్లు ఎక్కువగ ఆయన పక్షం తెల్లోళ్లే, విరోధులు గాదు. ఇది పిల్లలకు చెప్పకపోతే బానిసల యజమానుల మీద కోపం చేస్తున్నడనుకుంటరు, జవాబు మొత్తం పక్కదారి పడ్తది. ఇంకోటి, 1850ల వచ్చిన చట్టం ప్రకారం పారిపోయిన బానిసను ఉత్తరాది రాష్ట్రాలల్ల గూడ పట్టుకొని వాపస్ పంపాలె. ఆ రోజు జనం మనసుల ఉన్నది గిదే.

పండుగ నాలుగో తారీఖు, ప్రసంగం ఐదో తారీఖు. ఇది మొదలే అడగండి. తేదీ గూడ ఒక ఆధారమే.

ప్రసంగం చాలా పెద్దది, పూర్తిగా చదివిస్తే నెల పడ్తది. మూడు ముక్కలు తీసుకోండి, ఒక్కోటి పేజీకి మించొద్దు. మొదటిది, దేశాన్ని స్థాపించినోళ్లను మెచ్చుకునే భాగం. రెండోది, మీ స్వాతంత్ర్యంతోటి నాకేం పని అని తిరగబడే భాగం. మూడోది, చివరల ఈ దేశం మీద ఆశ విడువలేదనే భాగం. ఇంటర్నెట్ల ఎక్కువ రెండో ముక్కే తిరుగుతది. అదొక్కటే చదివినోళ్లు “డగ్లస్‌కు అమెరికా అంటే ద్వేషం” అని రాస్తరు. అది తప్పు. అదే ప్రసంగంల రాజ్యాంగాన్ని సరిగ్గ అర్థం చేసుకుంటే అది గొప్ప స్వేచ్ఛా పత్రం అంటడు. మూడు ముక్కలు చదివితేనే ఆ మెప్పు, ఆ మంట, ఆ ఆశ ఎట్ల కలిసున్నయో తెలుస్తది.

చేయించాల్సిన పని సర్వనామాలు లెక్కపెట్టుడు. ‘యువర్’ కింద ఒక గీత, ‘అవర్’ కింద రెండు గీతలు. మీ తండ్రులు, మీ పండుగ, మీ జాతి అంటడు. కానీ పిలిచేటప్పుడేమో ‘ఫెలో సిటిజన్స్’ అంటడు. తోటి పౌరులారా అనుకుంటనే ‘మీ’ దేశం అంటడేంది? గిదే ప్రశ్న బోర్డు మీద వదిలిపెట్టండి. ఐదేండ్ల తర్వాత, 1857ల, నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరని అక్కడి సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. ఈ ముచ్చట పిల్లలు చర్చ చేసినంక చెప్పండి, ముందు చెప్పకండి. ‘సిటిజన్స్’ అన్న పిలుపే ఒక వాదన అని అప్పుడు వాళ్లకు తట్టుతది.

ఆయన గూడ 1776 నుంచే లెక్క పెడ్తడు, దేశానికి డెబ్బై ఆరేండ్లు అంటడు. పదకొండేండ్ల తర్వాత లింకన్ ఎనభై ఏడు అంటడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒకే పుట్టినరోజును ఇద్దరు ఏ పనికి వాడుకున్నరో రాయించండి. నన్నడిగితే ఈ కోర్సుల ఇంతకన్న మంచి ప్రశ్న ఉండదు.

పిల్లలు మన వెట్టిచాకిరి ముచ్చట తప్పక తెస్తరు, కులం ముచ్చట తెస్తరు. తేనివ్వండి. కానీ “అదే ఇది” అని ఊకోవద్దు. రెండు నిలువు గడులు గీసి, ఏం కలుస్తది, ఏం కలవదు రాయించాలె. అక్కడ చట్టం ప్రకారం మనిషే ఆస్తి, అమ్మకం కాగితాలుండేటియి, తల్లి బానిసైతే బిడ్డ బానిస. ఇక్కడ నిజాం కాలంల దొరల కింద వెట్టి తీరు వేరు, అందుల గూడ తరతరాల బలవంతం ఉన్నది. ఒక్క జాగ్రత్త: ఏ పిల్లగాన్ని గూడ “మీ ఇంట్ల ఎట్లుండె?” అని అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినాలె.

పరకాల గ్రంథాలయం:

మూడో ప్రశ్న గురించి. లింకన్ విషయంలో ఐదు ప్రతులూ లింకన్‌వే కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదమంతా వేరొకరు రాసిపెట్టిన ప్రసంగాలతో. ముందు ముందు మీరు ఇలాంటివి ఎంచుకుంటారేమోనని రెండు చెప్తాను.

బానిసత్వం నుంచి బయటపడి మహిళల హక్కుల కోసం మాట్లాడిన సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో మాట్లాడింది. ఆ ఏడాదే ఒక బానిసత్వ వ్యతిరేక పత్రిక ఆ ప్రసంగాన్ని అచ్చేసింది. అందులో ‘ఎయింట్ ఐ ఎ వుమన్’ అన్న వాక్యం లేదు. ఆ వాక్యం పదే పదే వచ్చే పాఠం (ప్రసంగం రాత రూపం), అందరికీ తెలిసింది, పన్నెండేళ్ల తర్వాత 1863లో ఆ సభ నడిపిన ఫ్రాన్సిస్ గేజ్ అనే ఆవిడ రాసింది. అందులో ట్రూత్ చేత దక్షిణాది యాసలో మాట్లాడించారు. ఆమె పుట్టి పెరిగింది న్యూయార్క్‌లో, చిన్నప్పుడు మాట్లాడింది డచ్ భాష. రెండో పాఠమే ఇచ్చి “ఆమె యాస ఎందుకు వాడింది?” అని ప్రశ్నిస్తే, ఆమె చేయని పనికి పిల్లలు కారణాలు వెతుకుతారు.

అమెరికా ఆదివాసీ తెగల నాయకుడు చీఫ్ సియాటిల్ ప్రసంగం ఇంకా చిక్కు. 1854 నాటిదిగా చెప్పే ఆ ప్రసంగాన్ని హెన్రీ స్మిత్ అనే ఆయన 1887లో పత్రికలో అచ్చేశాడు, అంటే ముప్పై ఏళ్లు దాటాక. ఇప్పుడు పర్యావరణ పోస్టర్ల మీద కనిపించే పాఠం అది కూడా కాదు. 1970ల మొదట్లో టెడ్ పెర్రీ ఒక సినిమా కోసం రాసింది. రైలు మీంచి కాల్చి చంపిన అడవి దున్నల గురించి అందులో ఉంటుంది. సియాటిల్ ఉన్న పసిఫిక్ తీరంలో ఆ దున్నల మందలు లేవు, 1854లో అక్కడికి రైలూ రాలేదు. అసలు పాఠం కాదు కదా అని పక్కన పెట్టేయకండి. 1887 పాఠం, 1970ల పాఠం రెండూ ఇచ్చి, ఏ కాలం వాళ్లకు ఏ మాట అవసరమైందో రాయించండి. చరిత్ర పత్రాన్ని అనుమానించి చదవడం నేర్పడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు.

వెబ్‌సైట్ల సంగతికొస్తే, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లలో ఉన్న పాఠాలు తీసుకోండి. చాలా వాటికి పక్కనే అసలు కాగితం ఫొటో ఉంటుంది. సూక్తుల సైట్లు, వాట్సాప్ ఫార్వర్డులు వద్దు. పాఠం కింద మూడు సంగతులు రాసి లేకపోతే నమ్మకండి: ఎప్పుడు అన్నారు, ఎప్పుడు అచ్చయింది, ఎవరు రాసుకున్నారు. మొదటి రెండు తేదీల మధ్య పదేళ్లకు మించి ఉంటే ఆ సంగతి పిల్లల కాగితం మీద కూడా అచ్చేయండి. వాళ్లు ఆధారం ఎత్తి రాసేటప్పుడు అది కళ్ల ముందు ఉండాలి.

జిరాక్సుల గురించి కూడా భయం వద్దు. లింకన్, డగ్లస్ రచనలకు కాపీరైట్ ఎప్పుడో పోయింది. ఫ్రాస్ట్ 1963లో చనిపోయాడు. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు హక్కులుంటాయి కాబట్టి 2024 నుంచి ఆయన కవితలు కూడా స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

నయీంనగర్ టీచర్:

అందరికీ చాలా థాంక్స్. మోటుపల్లి శాసనంతో మొదలుపెట్టాలన్నది నాకు బాగా నచ్చింది సార్, వచ్చే వారం అదే చేస్తాను. ఇక ఫ్రాస్ట్. అడవిలో దారి రెండుగా చీలిన చోట నిలబడి ఒకటి ఎంచుకున్న మనిషి మాటలు ఆ కవిత. పిల్లలందరూ ఒకే మాట రాస్తున్నారు: “నలుగురూ నడవని దారిలో నడిస్తే విజయం వస్తుంది.” వాళ్ల ట్యూషన్ నోట్సులో కూడా అదే ఉంది. కవితలో నాకు అది అంత సూటిగా కనిపించడం లేదు. పిల్లలతో ఎలా చూపించాలి? ఇంకొకటి, నలుగురైదుగురు పిల్లలకు లింకన్ చివరి వాక్యం నోరే తిరగడం లేదు. అందులోంచి ఏమీ పట్టుకోలేకపోతున్నారు.

పద్మాక్షి గుట్ట:

ఫ్రాస్ట్ కవితకు చివరి చరణం మడిచేయండి. ఇరవై పాదాలు, ఐదేసి పాదాల నాలుగు చరణాలు. మొదటి మూడే కనపడేటట్టు కాగితం మడిచి, “రెండు దారుల్లో ఏది తక్కువ మంది నడిచిన దారి? పాదం అంకెతో రుజువు చూపించు” అనండి. రెండో చరణంలో ఒక దారి మీద గడ్డి ఎక్కువుందని అంటాడు. వెంటనే, నడిచిన అరుగుదల రెండింటికీ ఇంచుమించు ఒకటేనంటాడు, ‘రియల్లీ అబౌట్ ద సేమ్’. మూడో చరణం మొదట్లో ఆ పొద్దున రెండు దారులూ ‘ఈక్వల్లీ’ ఉన్నాయంటాడు, ఆకుల మీద ఎవరి అడుగూ పడలేదంటాడు. ఇంతవరకు చదివిన పిల్లలు “తేడా లేదు మేడం” అంటారు.

అప్పుడు మడత విప్పమనండి. నాలుగో చరణంలో కాలం మారిపోతుంది, ‘ఐ షల్ బి టెల్లింగ్’. ఎప్పుడో ఏళ్ల తర్వాత, నిట్టూరుస్తూ ఈ కథ చెప్తానంటాడు. తక్కువ మంది నడిచిన దారి పట్టానన్నది ఆ రాబోయే రోజున తను చెప్పబోయే మాట. దారుల దగ్గర నిలబడి చూసింది ఒకటి, తర్వాత చెప్పుకోబోయేది ఇంకొకటి. ఎందుకు మార్చి చెప్తాడు, ఆ నిట్టూర్పు సంతోషానిదా, బాధదా? కవిత తేల్చలేదు కాబట్టి మీరూ తేల్చకండి. “తేడా వచ్చింది” అని అంటాడే గానీ మంచి తేడానో చెడ్డ తేడానో చెప్పలేదు. ‘విజయం’ అన్న మాట నోట్సులో ఉంది, కవితలో ఎక్కడుందో గీత గీయమంటే పిల్లలు తామే వెతికి లేదంటారు. ట్యూషన్ సార్‌ను తప్పుపట్టాల్సిన పని కూడా ఉండదు.

తనతో ఇంగ్లాండులో నడకకు వచ్చే కవి మిత్రుడు ఎడ్వర్డ్ థామస్‌ను మనసులో పెట్టుకుని ఫ్రాస్ట్ ఇది రాశాడు. ఏ దారిలో వెళ్లినా అవతలి దారి బాగుండేదని ఆ మిత్రుడు బాధపడేవాడు. ఈ సంగతి కూడా చివర్లో చెప్పండి. మొదట్లోనే చెప్తే పిల్లలు కవిత వదిలేసి ఆ స్నేహితుడి గురించే రాస్తారు.

లింకన్ చివరి వాక్యం 82 మాటలు. నోరు తిరగకపోవడం వింతేమీ కాదు. దాన్ని ‘దట్’ దగ్గర విరవండి. ‘ఇట్ ఈజ్ రాదర్ ఫర్ అస్’ నుంచి ‘బిఫోర్ అస్’ వరకు ఒక చీటీ. తర్వాత ‘దట్ ఫ్రమ్ దీజ్ ఆనర్డ్ డెడ్’తో మొదలయ్యేది ఒకటి, ‘దట్ వి హియర్ హైలీ రిజాల్వ్’ ఒకటి, ‘దట్ దిస్ నేషన్’ ఒకటి, ‘అండ్ దట్ గవర్నమెంట్’ ఒకటి. మొత్తం ఐదు చీటీలు. మధ్యలో ‘దట్ కాజ్’, ‘దట్ దీజ్ డెడ్’ అని ఇంకా రెండు ‘దట్’లు ఉన్నాయి, వాటి దగ్గర విరిస్తే ముక్కలు అర్థం కావు. విరవాల్సిన చోట అచ్చులో అడ్డగీత (డాష్) ఉంటుంది, ఆ గీతల్ని చూపించండి. ఐదుగురు ఐదు చీటీలు పట్టుకుని వరుసగా నిలబడి చదవాలి. రెండో చీటీ నుంచి ప్రతిదీ మొదటి చీటీలోని ‘గ్రేట్ టాస్క్’ ఏమిటో చెప్తోందని వాళ్లకు వినిపిస్తుంది.

తర్వాత రెండో చీటీ వాళ్లను కూర్చోబెట్టి మిగతా నలుగురితో చదివించండి. చనిపోయినవాళ్లు తప్పుకోగానే మన పని మాత్రం మిగులుతుంది, కానీ ఎవరి కోసం, ఎందుకు అన్నది బలహీనపడుతుంది. నోరు తిరగని ఆ నలుగురైదుగురికే చీటీలు ఇవ్వండి, ఒక్కొక్కరికి పదిహేను ఇరవై మాటలే వస్తాయి. నాలుగో చీటీ వాళ్లను ఒకసారి ‘అండర్ గాడ్’ వదిలేసి కూడా చదవమనండి. తొలి ప్రతుల్లో లేని మాటలవి. ఉంటే ఏం మారిందో ఆ చీటీ పట్టుకున్న పిల్లే ముందు చెప్పాలి, తర్వాత క్లాసు.